ఇంటి ఆంప్లిఫయరు: కలిపే వరుస, వేసే వరుస

(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

పంచాంగ శ్రవణము, పద్య పఠనము జరిగే ఈ వేదిక మీద ఆంప్లిఫయరు గురించి మాట్లాడమని కార్యవర్గము వారు మమ్ములను కోరినారు. మేము ఇంజనీర్లము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ఖుర్దారోడ్డులో రైల్వే గుమాస్తా ఉద్యోగము చేసుకుంటున్న వారము. అయితే శ్రీరామనవమికి, ఉగాదికి సంఘము మైకుసెట్టు తీగలు కలిపే పని కొన్నేండ్లుగా మా చేతిలో ఉన్నది. ఆ కారణముగా మనవారి ఇండ్ల నుంచి "బాబూ, పెట్టె పలకడము లేదు, ఒక్కసారి వచ్చి చూసి పో" అని పిలుపులు వస్తూ ఉంటాయి. అలా వెళ్ళి చూసినది, పెట్టెలతో వచ్చే పుస్తకములలో చదివినది కలిపి నాలుగు మాటలు మనవి చేస్తాము.

ఇది సరదా వస్తువు గదా, ఇంత చర్చ ఎందుకు అని కొందరికి అనిపించవచ్చును. మన పిల్లలకు బడిలో ఒడియా, ఇంగ్లీషు. వీధిలో ఒడియా, హిందీ. తెలుగు వారి చెవిన పడేది ఇంటిలోనే. మాట నేర్చేది తల్లి నోట. పాట, పద్యము, నాటకము నేర్చేది చాలా ఇండ్లలో పెట్టె నోట. 1938లో మద్రాసు రేడియో కేంద్రము, 1948లో విజయవాడ కేంద్రము మొదలైనవి. రాత్రి పూట మీడియం వేవు దూరము పోతుంది గనుక, మన పెద్దలు చీకటి పడినాక విజయవాడ కోసము ముల్లు తిప్పేవారు. తరువాత గ్రామఫోను రికార్డులు, 1963లో ఫిలిప్స్ వారు తెచ్చిన కాసెట్టు. ఈనాడు మన ఇండ్లలో బీరువా అడుగున ఉన్న కాసెట్లలో సినిమా పాటలే కాదు, తాతగారు చదివిన పద్యము, అమ్మమ్మ పాడిన మంగళహారతి, పెండ్లిలో పురోహితుని మంత్రము కూడ ఉన్నవి. వాటికి రెండవ ప్రతి లేదు. వాటిని మరల వినవలెనన్నా, పదిలపరచవలెనన్నా పాత పెట్టెను మరల కలిపి వేయవలసినదే. ఆ కలపడములోనే పెట్టెలు కాలిపోతున్నవి. మనుష్యులకు షాకు కొడుతున్నది. అందుకే ఈ ప్రసంగము.

ముందుగా ఆంప్లిఫయరు చేసే పని ఏమిటో చూద్దాము. రికార్డు ప్లేయరు ముల్లు పుట్టించే విద్యుత్తు సుమారు 5 మిల్లీవోల్టులు, అనగా వోల్టులో 200వ వంతు. 8 ఓముల స్పీకరు 20 వాట్ల బలముతో పలకవలెనంటే దానికి 12 వోల్టుల పైచిలుకు కావలెను. అంటే సుమారు రెండున్నర వేల రెట్లు పెంచవలెను. ఆ పెంచడానికి కావలసిన బలమును ఆంప్లిఫయరు గోడలోని 230 వోల్టుల కరెంటు నుంచి తీసుకుంటుంది. ఒక వైపు చీమ నడకవంటి బలహీనమైన సంకేతము, మరొక వైపు ప్రాణము తీయగల కరెంటు, రెండూ ఒకే పెట్టెలో ఉన్నవి. ఈ సంగతి గుర్తుంటే తక్కిన జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

బండిని కూర్చే పద్ధతి మనలో చాలామందికి తెలిసినదే. పెట్టెలను ఒకదానికొకటి తగిలించి, బ్రేకు పైపులు కలిపి, బ్రేకు పరీక్ష చేసి, సిగ్నలు పడినాక గార్డు పచ్చజెండా ఊపితే గాని బండి కదలదు. కదిలే బండికి పెట్టె తగిలించేవాడు లేడు. ఇక్కడా అంతే. తీగలన్నీ ముందు, కరెంటు చివర. స్విచ్చి ఆపితే చాలదు. ప్లగ్గును గోడ నుంచి ఊడదీసిన తరువాతనే వెనుక వైపు చేయి పెట్టవలెను. పై మూతను మాత్రము ఇంటిలో ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. పాత వాల్వు సెట్లలోనైతే అది వందల వోల్టులు.

ఇక స్పీకర్లు. ఒక్కొక్క స్పీకరుకు రెండేసి బిగింపులు ఉంటాయి, ఎరుపు, నలుపు. ఆంప్లిఫయరు వెనుక కూడా అలాగే ఉంటాయి. ఎరుపును ఎరుపుకు, నలుపును నలుపుకు, కుడిని కుడికి, ఎడమను ఎడమకు కలుపవలెను. ఒక స్పీకరుకు మాత్రము తీగలు తారుమారైతే ఏమీ కాలిపోదు గాని, ఒక దాని అట్ట ముందుకు వచ్చినప్పుడు రెండవదాని అట్ట వెనుకకు పోతుంది. రెండింటి గాలి ఒకదానినొకటి చంపుకొని మృదంగము చప్పగా వినబడుతుంది. గాయకుడు ఎదుట కూర్చున్నట్లు కాక, గది అంతా చెదరిపోయినట్లు ఉంటాడు. "కొత్త స్పీకర్లలో బరువు లేదు" అన్న ఫిర్యాదు వింటే మేము మొదట చూసేది ఇదే. రంగులు చెరిగిపోయిన పాత స్పీకరైతే, ఆంప్లిఫయరు నుంచి విడదీసి, 1.5 వోల్టుల టార్చి సెల్లును బిగింపులకు క్షణము పాటు తాకించండి. పెద్ద అట్ట ముందుకు కదిలితే సెల్లు పాజిటివు తాకిన బిగింపే ఎరుపు.

తీగ చివరల పోగులు బాగా మెలిపెట్టి దూర్చవలెను. ఒక్క వెంట్రుకవంటి పోగు పక్క బిగింపుకు తగిలినా షార్టు అయి ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చును. వాల్వు సెట్టుకు దీనికి విరుద్ధమైన ప్రమాదము ఒకటి ఉన్నది. స్పీకరు తగిలించకుండా పాట పెడితే దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు దెబ్బతినవచ్చును. కాబట్టి ట్రాన్సిస్టరు సెట్టుకు తీగలు కలవకూడదు, వాల్వు సెట్టుకు తీగలు విడిపోకూడదు అని గుర్తుంచుకొంటే సరిపోతుంది. తీగ లావు సంగతి: గదిలో నాలుగైదు మీటర్లకైతే మామూలు స్పీకరు తీగ చాలును. పది మీటర్ల వరకు లాగవలసి వస్తే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడండి. వేలకు వేలు పోసి వింత తీగలు కొననక్కరలేదు.

ఓముల లెక్క తప్పనిసరిగా చూసుకోవలెను. స్పీకరు వెనుక 8 అనో 4 అనో వ్రాసి ఉంటుంది. ఆంప్లిఫయరు వెనుక అది మోయగల సంఖ్య ఉంటుంది. ముందు గదికి రెండు, పడక గదికి రెండు అని ఒకే జత బిగింపులకు పక్కపక్కన తగిలిస్తే రెండు 8లు కలిసి 16 కావు, 4 అవుతాయి. అంటే అంతే వాల్యూముకు రెట్టింపు కరెంటు లాగుతాయి. 8 ఓములకు తక్కువ కాకూడదన్న ఆంప్లిఫయరు ఆ భారమునకు వేడెక్కి ఆగిపోతుంది, లేదా పోతుంది. ఘాటు రోడ్డులో ఒక ఇంజనుకు రెండు బండ్ల బరువు కట్టినట్లు.

తరువాత ఇన్‌పుట్లు. పిన్ను తీగలలో ఎరుపు కుడికి, తెలుపు ఎడమకు అన్నది వాడుక. టీవీ, సీడీ, కాసెట్టు డెక్కు, ఫోను ఇవన్నీ లైను ఇన్‌పుట్ల జాతి. ఆక్స్, సీడీ, టేపు, ట్యూనరు అని వ్రాసిన ఏ రంధ్రములోనైనా ఇవి పలుకుతాయి. రికార్డు ప్లేయరు జాతి వేరు. దాని సంకేతము వందల రెట్లు చిన్నది. పైగా రికార్డు మీద బరువు స్వరములు తగ్గించి, సన్న స్వరములు పెంచి చెక్కుతారు. వినేటప్పుడు దానిని తిరుగవేసి సరిచేయవలెను. 1954 నుంచి దానికొక ప్రమాణము ఉన్నది. ఆ పని చేసేది ఫోనో అన్న ఇన్‌పుట్టు. రికార్డు ప్లేయరును ఆక్స్‌లో పెడితే పాట దోమ పాడినట్లు ఉంటుంది. సీడీ ప్లేయరును ఫోనోలో పెడితే చెవులు పగిలే బొంగురు గోల. నౌపడా-గుణుపురము చిన్న లైను 2011 నాటికి బ్రాడ్ గేజి అయినది. అంతకు ముందు నౌపడాలో సరుకు ఒక బండి దింపి మరొక బండికి ఎక్కించవలసినదే కదా. ఫోనో ఇన్‌పుట్టు అటువంటి జంక్షను. కొత్త ఆంప్లిఫయర్లలో చాలా వాటికి ఫోనో ఉండదు. అప్పుడు ఫోనో ప్రీఆంప్లిఫయరు అన్న చిన్న పెట్టెను మధ్యలో పెట్టుకోవలెను. కొన్ని కొత్త రికార్డు ప్లేయర్లలో అది లోపలే ఉండి, వెనుక ఫోనో, లైను అని ఒక స్విచ్చి ఉంటుంది. కలిపేముందు అది ఎటు ఉన్నదో చూసుకోండి.

టీవీ శబ్దమును ఆంప్లిఫయరుకు తేవడానికి రెండు మంచి దారులు ఉన్నవి. ఒకటి హెచ్‌డిఎంఐ తీగ. టీవీకి ఉన్న రంధ్రములలో ఏఆర్‌సీ అని వ్రాసినదానికే, ఆంప్లిఫయరు వైపు కూడ అదే పేరున్న దానికే పెట్టవలెను. పక్క రంధ్రములో పెట్టి శబ్దము రాలేదంటే లాభము లేదు. రెండవది ఆప్టికల్ తీగ. అందులో పోయేది కరెంటు కాదు, వెలుతురు. అందువల్ల టీవీ వైపు హోరు అందులోనుంచి రాదు. శబ్దము రాకపోతే టీవీ శబ్దపు సెట్టింగులలో పీసీఎం అన్న దానిని ఎన్నుకోండి. చాలా సార్లు అంతటితో పలుకుతుంది. బ్లూటూత్‌కు తీగ లేదు గనుక కలిపే చిక్కు తక్కువ. అయితే ఒక గదిలోని ఫోనుకు పక్క గదిలోని పెట్టె జతపడి, అర్ధరాత్రి వేళ పాట అక్కడ మ్రోగడము మన కాలనీలలో వింత కాదు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వస్తాము. తీగలన్నీ కలిపి వేయగానే గుయ్‌మని హోరు వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు "ప్లగ్గులో పెద్ద పిన్ను తీసెయ్యండి, హోరు పోతుంది" అని సలహా ఇస్తారు. నిజమే, ఒక్కొక్కసారి పోతుంది. కాని ఆ పిన్ను ఎందుకు పెట్టినారో చూడండి. మూడు పిన్నులలో అది లావు, పొడవు. ప్లగ్గు దూర్చేటప్పుడు అది ముందు తగులుతుంది, తీసేటప్పుడు చివర విడుతుంది. లోపల ఎప్పుడైనా కరెంటు తీగ ఊడి ఇనుప డొక్కుకు తగిలితే, ఆ కరెంటు ఎర్త్ తీగ గుండా భూమికి పోయి ఫ్యూజు కొట్టేస్తుంది. పిన్ను తీసేసినామా, డొక్కు 230 వోల్టులతో ఊరక కూర్చుంటుంది. పాట మాత్రము చక్కగా పలుకుతూనే ఉంటుంది. తడి చేతితో బల్ల తుడవడానికి వచ్చిన ఇల్లాలు గాని, ఆడుకొనే పిల్లవాడు గాని తాకేవరకు ఎవరికీ తెలియదు. పాట కోసము పిన్ను తీయడమంటే కాపలావాణ్ణి పంపివేసి నిద్రపోవడమే.

కొన్ని పెట్టెలకు మొదటి నుంచీ రెండే పిన్నులు ఉంటాయి. వాటి వెనుక ఒక చదరములో మరొక చదరము గుర్తు ఉంటే, అవి రెండు పొరల రక్షణతో చేసినవి. వాటికి ఎర్త్ అక్కరలేదు. మూడు పిన్నులతో వచ్చినదానికి మాత్రము మూడూ ఉండవలసినదే. గోడలోని మూడవ రంధ్రములో నిజముగా ఎర్త్ ఉన్నదా లేదా అని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను చేత చూపించండి. పాత ఇండ్లలో రంధ్రము ఉండి తీగ లేకపోవడము కూడ కద్దు. వీలైతే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. కరెంటు దారి తప్పి మనిషి గుండా పోతే అది కంటి రెప్పపాటులో ఆపుతుంది.

మరి హోరు ఎలా పోవలెను? దానికి మూడు కారణములు సాధారణము. ఒకటి, రికార్డు ప్లేయరు నుంచి వచ్చే సన్నని ఒంటి తీగను ఆంప్లిఫయరు వెనుక జీఎన్‌డీ అన్న మరకు బిగించకపోవడము. ఇది గోడలోని ఎర్త్ కాదు, హోరును పట్టే తీగ మాత్రమే. బిగించగానే హోరు అణగుతుంది. రెండు, టీవీని ఒక గోడకు, ఆంప్లిఫయరును మరొక గోడకు పెట్టడము. రెండు ఎర్త్‌ల మధ్య తీగలు చుట్టుకొని ఒక వలయము ఏర్పడుతుంది, అందులో 50 సైకిళ్ళ కరెంటు తిరుగుతుంది. అన్నిటినీ ఒకే మంచి ఎక్స్‌టెన్షను బోర్డుకు తెస్తే చాలావరకు పోతుంది. మూడు, కేబులు టీవీ తీగ. దానిని టీవీ నుంచి తీసి చూడండి. హోరు ఆగితే దొంగ అక్కడే ఉన్నాడు. ఆ తీగకు ఐసొలేటరు అన్న చిన్న ముక్క పెట్టించుకోవచ్చును. ఇక సంకేతపు తీగలను కరెంటు తీగలతో కలిపి కట్ట కట్టకండి. ఎదురైన చోట అడ్డముగా దాటించండి.

మనలో కొందరి పిల్లలు అమెరికాలో ఉన్నారు. వచ్చేటప్పుడు తల్లిదండ్రుల కోసమని ప్రేమతో ఒక ఆంప్లిఫయరో రికార్డు ప్లేయరో తెస్తారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. పిన్ను మార్చే ముక్క పెట్టి గోడకు దూర్చితే ఆ ప్రేమ ఒక్క క్షణములో పొగ అవుతుంది. ముందు వెనుక చీటీ చదవండి. 100-240 అని ఉంటే భయము లేదు. 120 అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌను ట్రాన్స్‌ఫార్మరు కావలెను. అది పెట్టె లాగే వాట్లకు ఒకటిన్నర రెట్లైనా ఉండవలెను. మరొక చిక్కు ఉన్నది. అక్కడ 60 సైకిళ్ళు, ఇక్కడ 50. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను మార్చును గాని సైకిళ్ళను మార్చదు. కొన్ని పాత రికార్డు ప్లేయర్ల మోటారు సైకిళ్ళను బట్టి తిరుగుతుంది. అటువంటిది ఇక్కడ నిమిషమునకు 33⅓ చుట్లకు బదులు 28 చుట్లకు లోపలే తిరుగుతుంది. ఘంటసాల వారి గళము కూడ నిద్రమత్తులో ఉన్నట్లు వినబడుతుంది.

అన్నీ కలిపినారు. ఇక వేసే వరుస. వాల్యూమును పూర్తిగా తగ్గించండి. ముందు పాట పుట్టే పెట్టెను వేయండి. టీవీ గాని, డెక్కు గాని. మధ్యలో ప్రీఆంప్లిఫయరు ఉంటే దానిని తరువాత వేయండి. ఆంప్లిఫయరును చిట్టచివర వేయండి. ఆపేటప్పుడు వరుస తిరగబడుతుంది. ఆంప్లిఫయరును ముందు ఆపి, తక్కినవి తరువాత ఆపవలెను. కారణము చిన్నదే. ఏ పెట్టె వేసినా, ఆపినా లోపలి కెపాసిటర్లు నిండేటప్పుడు, ఖాళీ అయ్యేటప్పుడు ఒక కుదుపు పుడుతుంది. ఆంప్లిఫయరు మెలకువగా ఉంటే ఆ కుదుపును పెంచి స్పీకరు మీద ధబ్బున కొడుతుంది. నిద్రలో ఉంటే ఏమీ కాదు. కొత్త ఆంప్లిఫయర్లు వేసిన కొన్ని క్షణములకు టక్కుమంటాయి. అది చెడిన చప్పుడు కాదు. లోపల అంతా కుదిరినదని చూసుకొని స్పీకర్లకు దారి ఇచ్చే రిలే. వాల్వు సెట్టు వేడెక్కడానికి ఒక నిమిషము ఇవ్వండి. ఆపిన వెంటనే మరల వేయకండి.

వాడుకలో మూడు జాగ్రత్తలు. మొదటిది గాలి. మన తల్లులు ప్రతి పెట్టె మీద అల్లిక గుడ్డ పరుస్తారు. అందము నిజమే, కాని ఆంప్లిఫయరు మూతకున్న సందులు దాని ముక్కు. పైన నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచండి. గుడ్డ ఆపినాక, చల్లారినాక కప్పండి. రెండవది గొంతు. వాల్యూము బిరడా సగము దాకా తిప్పినంత మాత్రాన సగము బలమే వాడినట్లు కాదు. సంకేతము బలమైనదైతే అక్కడికే పూర్తి బలము వచ్చి ఉండవచ్చును. పాట బొంగురుపోగానే తగ్గించండి. చిన్న ఆంప్లిఫయరును శక్తికి మించి అరిపించినప్పుడే స్పీకరులోని సన్న స్వరముల చిన్న అట్ట కాలిపోవడము ఎక్కువ. మూడవది పిడుగు. ఉగాది వెళ్ళిన తరువాత ఈ ఒడిశాలో కాలబైశాఖి గాలివానలు మొదలవుతాయి. ఆకాశము నల్లబడగానే ప్లగ్గు, కేబులు తీగ రెండూ ఊడదీయండి. స్విచ్చి ఆపితే పిడుగు ఆగదు.

చివరగా బీరువా అడుగున ఉన్న ఆ కాసెట్ల మాట. డెక్కు, ఆంప్లిఫయరు సరిగా పలుకుతున్నప్పుడే వాటిని కంప్యూటరులోకి ఎక్కించుకోండి. ఆంప్లిఫయరు వెనుక టేపు అవుట్, లేక రికార్డు అవుట్ అని ఒక జత ఉంటుంది. అక్కడ నుంచి కంప్యూటరు లైను ఇన్‌కు తీగ వేయవలెను. ఆ జత లేకపోతే డెక్కు లైను అవుట్ నుంచే నేరుగా వేయవచ్చును. స్పీకరు బిగింపుల నుంచి మాత్రము ఎన్నడూ వేయకూడదు. ఆ బలమునకు కంప్యూటరు చెవి కాలిపోతుంది. ముందు పనికిరాని కాసెట్టు ఒకటి పెట్టి, డెక్కు టేపును నమలడము లేదని చూసుకొని, తరువాతనే అమ్మమ్మ కాసెట్టు పెట్టండి. ఎక్కించిన దానిని రెండు చోట్ల దాచండి. ఒకటి మీ ఇంట, ఒకటి మీ అన్నదమ్ముల ఇంట ఉంటే ఇంకా మంచిది.

ఇంత చెప్పినదానిని పిల్లలకు నేర్పడానికి నాలుగు మాటలలో చెప్పవచ్చును. తీగలు ముందు, కరెంటు చివర. వేసేటప్పుడు ఆంప్లిఫయరు చివర, ఆపేటప్పుడు ఆంప్లిఫయరు ముందు. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. లావు పిన్ను జోలికి పోవద్దు. దీనిని ఒక కాగితము మీద వ్రాసి పెట్టె పక్కన అంటించండి. ఏ ఇంట సందేహము వచ్చినా, ప్లగ్గు ఊడదీసి మాకు కబురు చేయండి. డ్యూటీ దిగినాక తప్పక వస్తాము. ఈ కొత్త సంవత్సరములో ప్రతి ఇంట తెలుగు పాట నిండుగా, హోరు లేకుండా, ఎవరికీ ఏ అపాయమూ లేకుండా వినబడవలెనని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.